ఆంగ్లమున పూర్వభూతము – తెలుఁగున దాని గతి

కాలము ఒక్కటియే, కాలమును జెప్పు తెఱఁగులు మాత్రము భాషాభేదమును బట్టి పలువిధములు. జరిగిపోయిన పనిని జెప్పుటకుఁ బ్రతిభాషయందును సాధనములు కలవు. కాని జరిగిపోయిన యొక పనికంటెను ముందు జరిగిన మఱియొక పనిని జెప్పవలసినప్పుడు భాషలు వేఱువేఱు మార్గములను ద్రొక్కును. ఆంగ్లమున నట్టి పనికి ‘హాడ్’ అను సహాయక్రియతోఁ గూడిన యొక రూపము కలదు. పాఠశాలలలో దానికి ‘పాస్ట్ పర్ఫెక్టు’ అని పేరు. ఆంగ్లము నేర్చు తెలుఁగుబాలుఁడు ఈ రూపమును అక్కఱలేనిచోటఁ బెట్టి, అక్కఱయైనచోట విడిచి తొందరపడును. ఆంగ్లమునుండి తెలుఁగు చేయువాఁడు దీనికి బదులుగా ‘చేసియుండెను’ అని వ్రాసి పని తీఱినదని తలఁచును. ఈ రెండు తప్పులకును మూల మొక్కటియే యనియు, ఆ మూలము రూపములలోఁ గాక పేరులలో నున్నదనియు నిరూపించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

గోదావరీమండలమున ఈ ప్రశ్నకుఁ గాకినాడ తగిన స్థానము. 1884లో కళాశాలయైన పిఠాపురపు రాజావారి విద్యాలయము ఈ పురముననే కలదు. ఇరువదియవ శతాబ్దపుఁ దొలి దశాబ్దములలో దానికి అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఆంగ్లభాషాపాండిత్యమునకుఁ బ్రసిద్ధులు. జయంతి రామయ్య పంతులుగారి పూనికచే 1911లోఁ జెన్నపురియందు స్థాపింపఁబడిన యాంధ్రసాహిత్యపరిషత్తు తరువాత ఈ పురమునకే తరలివచ్చినది. పిఠాపురాధీశ్వరుల పోషణమున సూర్యరాయాంధ్రనిఘంటువు తొలిసంపుటము 1936లో వెలువడినది. ఒకచోట ఆంగ్లవ్యాకరణమును, వేఱొకచోట నాంధ్రవ్యాకరణమును బోధింపఁబడుచు, ఉభయమును ఒక్క బాలుని బుద్ధిలోనే కలియుచు వచ్చిన పురమిది. ఆ కలయికలో నొక చిన్న క్రియారూపము పొందిన గతిని విచారింత మేని, ముందుగా దాని స్వదేశచరిత్రమును దెలియవలసియున్నది.

ఆంగ్లమున రూపచరిత్రము

‘హాడ్’ అనునది ‘కలిగియుండు’ అను నర్థముగల ధాతువునకు భూతరూపము. పురాతనాంగ్లమున నిది సహాయక్రియ కాదు. తన సొంతయర్థముగల ప్రధానక్రియయే. ‘అతఁడు శత్రువును బద్ధునిగాఁ గలిగియుండెను’ అనునది యా నాఁటి వాక్యస్వభావము. అందు బద్ధశబ్దము కర్మకు విశేషణము. కొన్ని ప్రయోగములలో నది కర్మతో లింగవచనవిభక్తులయందు ఏకీభవించుటయుఁ గలదు. కాలక్రమమున నా విశేషణము కర్మను వీడి క్రియతోఁ జేరెను. అంతట ‘బద్ధునిగాఁ గలిగియుండెను’ అను స్థితివాక్యము ‘అంతకుమునుపే బంధించెను’ అను క్రియావాక్యమైనది. ఉన్న స్థితిని జెప్పినమాట, ఆ స్థితికిఁ గారణమైన పూర్వపుఁ బనిని జెప్పుమాటగా మాఱినదన్నమాట.

అకర్మకధాతువుల త్రోవ మఱియొకటి. వచ్చుట, పోవుట మున్నగు గమనార్థములయందు ఆంగ్లేయులు చిరకాలము ‘హాడ్’ను గాక, ‘ఉండెను’ అను నర్థముగల ‘వాజ్’ అను రూపమునే వాడిరి. 1611లో వెలువడిన యాంగ్లబైబిలులో నట్టి ప్రయోగములు పెక్కు కలవు. అవి మన ‘వచ్చియుండెను’ అనుదానికిని, సంస్కృతమున ‘ఆగత ఆసీత్’ అనుదానికిని మిక్కిలి చేరువ. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి ‘హాడ్’ రూపము దాదాపుగా నా స్థానమును గూడ నాక్రమించినది. కాఁబట్టి ఆంగ్లమునందే యీ యర్థము ఒక్కరోజున నిర్ణయమైనది కాదు. స్థితినుండి క్రియకు మెల్లగా నడచివచ్చినది.

పేరు నడచిన త్రోవ

రూపమునకంటెఁ బేరు మఱింత దూరమునుండి వచ్చినది. లాటినుభాషలో భూతమునకుఁ బూర్వమైన పనిని జెప్పుటకు సహాయక్రియ లేకయే యొక్క పదముగా నిలుచు ప్రత్యేకరూపము కలదు. దానికి లాటిను వైయాకరణులు ‘పూర్ణముకంటె నధికము’ అను నర్థముగల పేరు పెట్టిరి. ఐరోపావారు తమతమ దేశభాషలకు వ్యాకరణములు వ్రాయఁబూనినప్పుడు లాటినుపేరులనే యెత్తికొనిరి. ఇంగ్లండున జాన్ వాలిస్ అను పండితుఁడు 1653లోఁ దన వ్యాకరణమును లాటినుననే వ్రాసియు, ఆంగ్లక్రియకు వర్తమానము, భూతము అను రెండే కాలరూపములనియు, మిగిలినవి సహాయక్రియలచే నేర్పడునవనియుఁ జెప్పెను. ఆ మాట పాఠశాలలలో నిలువలేదు. 1795లో లిండ్లీ మర్రే ప్రకటించిన వ్యాకరణము ఆఱు కాలములను లెక్కించి, లాటినుపేరుతో ‘ప్లూపర్ఫెక్టు’ను గూడఁ జేర్చినది. ఆ గ్రంథము బహుకాలము ఆంగ్లము బోధించువారికిఁ బ్రమాణమైనది. భారతదేశమున నెస్‌ఫీల్డు వ్యాకరణములును, తరువాత 1935 ప్రాంతమున వచ్చిన రెన్, మార్టిన్ అనువారి వ్యాకరణమును బాఠశాలల నేలినవి. వానితో ‘పాస్ట్ పర్ఫెక్టు’ అను పేరు స్థిరపడెను.

ఈ పేరులోని ‘పర్ఫెక్టు’ అనుదానికి ‘పూర్ణము’ అని యర్థము చెప్పుకొని ‘పూర్ణభూతము’ అనుట సులభము. కాని ఆ మాట వినఁగానే బాలునకుఁ దోఁచునది ‘బొత్తిగా ముగిసిపోయిన పని’ అని. ‘వచ్చెను’ అనిన మాత్రము పని ముగియలేదా? ముగియుట రెండింటికిని సమానమే. భేదము ముగియుటలో లేదు; మఱియొక భూతక్రియకు ముందుండుటలోఁ గలదు. డెన్మార్కు దేశపుఁ బండితుఁడు ఒట్టో యెస్పర్సన్ 1924లోఁ బ్రకటించిన వ్యాకరణతత్త్వగ్రంథమున దీనిని భూతమునకు ముందటి కాలముగా వ్యవహరించుట యీ కారణముననే. 1947లో హాన్స్ రైహెన్‌బాక్ అను తార్కికుఁడు దీనిని మూఁడు బిందువులతో వివరించెను: పని జరిగిన సమయము, దానిని జూచుటకు నిలిచిన సమయము, మాటాడు సమయము. ఈ మూఁడును వరుసగా నొకదానికంటె నొకటి ముందుండునెడల ‘హాడ్’ వచ్చును. నడిమి బిందువు లేనిచో దానికిఁ దావు లేదు. ఈ హేతువుచేత ‘పూర్వభూతము’ అను పేరే యర్థానుగుణము. ఇఁక ముందు ఆ పేరే వాడఁబడును.

నిత్యవ్యవహారమున నాంగ్లేయుల ప్రయోగము

ఆంగ్లేయులు నిత్యవ్యవహారమున దీనిని పాఠపుస్తకములు తోఁపించునంత తఱచుగా వాడరు. పనులు జరిగిన వరుసలోనే చెప్పఁబడునెడల సామాన్యభూతమే చాలును. ‘లేచెను, స్నానము చేసెను, భుజించెను, కచేరికిఁ బోయెను’ అనుచోట నొక్క ‘హాడ్’ను బెట్టినను వాక్యము కుంటును. ముందు, తరువాత అను నర్థముగల ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అను పదములున్నచో వరుస వానివలననే తెలియును. అచ్చటను సామాన్యభూతము సాధువే. వరుస తలక్రిందైనప్పుడు మాత్రమే యీ రూపమునకు నిజమైన యక్కఱ కలుగును. సామర్లకోట చేరునప్పటికి రైలుబండి వెడలిపోయిన కథను జెప్పు నాంగ్లేయుఁడు, ముందు తన రాకను, పిదప బండి పోకను జెప్పును. జరిగినది మాత్రము బండి పోకయే ముందు. కావున ‘ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్’ అనును. ‘హాడ్’ లేకున్నచో తాను వచ్చినపిదప బండి కదలినదను నర్థము వచ్చును. అట్లైనఁ బ్రయాణికునకు బండి యందినదో లేదో సందేహమగును.

ఇంకొక యాచారము గమనింపఁదగినది. వెనుకటి కథను జెప్పఁబూనునప్పుడు మొదటి యొకటి రెండు వాక్యములలో ‘హాడ్’ను వాడి, శ్రోత యా కాలమున నిలువఁగానే దానిని విడిచి సామాన్యభూతముతోనే కథ సాఁగింతురు. ద్వారము దాఁటువఱకే ద్వారపాలకునితోఁ బని. మాటలలో ‘హాడ్’ మిక్కిలి క్షీణించి యొక్క డకారధ్వనిగా మాత్రమే వినఁబడును. ‘వుడ్’ అను వేఱొక సహాయక్రియయు నట్లే క్షీణించును. రెండింటిని వేఱుచేయునది తరువాతి క్రియారూపమే.

ఇవిగాక మూఁడుచోట్ల నీ రూపము కనఁబడును. పరోక్తిని జెప్పునప్పుడు మూలవాక్యములోని భూతము తఱచుగా నొక మెట్టు వెనుకకుఁ బోవును. జరుగని పనిని ‘జరిగియున్నచో’ అని యూహించునప్పుడును నిదియే రూపము. నెఱవేఱని యాశను, ఉద్దేశమును జెప్పునప్పుడును నిదియే. వీనిలో రెండవది నిజముగాఁ గాలవాచి కాదు. క్రియ నిష్పన్నము కాకుండుటను దెలుపునది.

సంస్కృతవ్యాకరణమున దీనికి సాటి

పండితుఁడు సహజముగాఁ బాణినీయమున దీనికి సాటి వెదకును. అష్టాధ్యాయిలో భూతమునకు మూఁడు లకారములు కలవు: సామాన్యభూతమున లుఙ్ (3-2-110), నేఁటిది కాని భూతమున లఙ్ (3-2-111), వక్త చూడని యనద్యతనభూతమున లిట్ (3-2-115). ఈ విభాగమునకుఁ బ్రమాణములు రెండు: దినము, దర్శనము. రెండు పనులలో నేది ముందు, ఏది వెనుక యను విచారము ఈ మూఁటిలో నెందును లేదు. కావున ‘హాడ్’ రూపమును లిట్టుతోఁగాని లఙ్ఙుతోఁగాని సమీకరించుట పొరపాటు. ‘నిన్న రాజమహేంద్రవరము పోయితిని’ అనుటకు ‘ఐ హాడ్ గాన్’ అని వ్రాయు బాలుఁడు, తెలియకయే లఙ్ఙునకుఁ జెందిన యనద్యతనత్వమును ఆంగ్లమునకు నంటఁగట్టుచున్నాఁడు. ఎంత దూరపుఁ బనియైనను, రెండవ భూతబిందువు లేనిచో నాంగ్లమునఁ ‘బోయితిని’ అను సామాన్యభూతమే తగును.

అట్లని పాణిని పూర్వాపరములను విచారింపలేదనుట సాహసము. ఆయన వానిని లకారములలోఁగాక వేఱుచోట్ల నిలిపెను. ఒకే కర్తగల రెండు క్రియలలోఁ బూర్వక్రియకుఁ ‘క్త్వా’ విహితమైనది (3-4-21). కర్తలు భిన్నులైనచో సతిసప్తమి కలదు (2-3-37). ఒక ప్రత్యయము చెప్పు కాలము వక్తను బట్టికాక, వాక్యమందలి ప్రధానక్రియను బట్టి నిర్ణయమగుట ధాతుసంబంధాధికారమునఁ జెప్పఁబడినది (3-4-1). అగ్నిష్టోమము చేసిన పుత్రుఁడు ఇతనికిఁ బుట్టఁబోవునని వృత్తికారు లిచ్చు నుదాహరణము ప్రసిద్ధము. పుట్టని పుత్రుఁడు యాగము చేసియుండుట యెట్లు? భూతత్వము నేఁటిని బట్టికాక, యాతనిని జూచు భావికాలమును బట్టి చెల్లును. నడిమి బిందువును గూర్చిన భావన యిందుఁ బీజరూపమున నున్నది. భర్తృహరి వాక్యపదీయమునఁ గాలసముద్దేశమందు భూతమును ఐదు విధములుగను, భవిష్యత్తును నాలుగు విధములుగను, వర్తమానమును రెండు విధములుగను, మొత్తము పదునొకండుగా విభజించెను. రూపములు కొలఁదియైనను అర్థభేదములు పెక్కని పూర్వు లెఱుఁగుదురు. ఇఁక జరుగని పనిని గూర్చిన ‘హాడ్’కు సాటి లృఙ్ (3-3-139), అది క్రియాతిపత్తిని, అనఁగా క్రియ నిష్పన్నము కాకపోవుటను దెలుపును.

తెలుఁగున దాని గతి

చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తెలుఁగుక్రియకు వర్తమానము, భూతము, భవిష్యత్తు, తద్ధర్మము అను నాలుగర్థములను జెప్పినది. పూర్వభూతమునకు వేఱు పేరు లేదు. ఇది కొఱఁత కాదు. తెలుఁగు పూర్వాపరక్రమమును దెలుపు భారమును సమాపకక్రియపైఁ బెట్టక, దాని ముందటి మాటలపైఁ బెట్టినది. ‘చేసి’ అను క్త్వార్థకము, ‘చేయఁగా’, ‘చేసిన పిదప’, ‘చేయునప్పటికి’, ‘అప్పటికే’, ‘అంతకుమునుపు’ అనునవి యా పనిని జేయును. క్త్వార్థకమునందుఁ దెలుఁగు సంస్కృతముకంటె స్వతంత్రము: ‘వాన కురిసి చెఱువు నిండినది’ అనుచోటఁ గర్తలు భిన్నులైనను కార్యకారణభావమువలన వాక్యము చెల్లును. ‘సామర్లకోట చేరునప్పటికి బండి వెళ్లిపోయినది’ అనఁగానే యే తెలుఁగువానికిని సందేహము లేదు. సామాన్యభూతముననే పూర్వభూతార్థము సంపూర్ణముగా వచ్చినది.

అట్లైన ‘చేసియుండెను’ అనునది తప్పా? కాదు; దాని యర్థము వేఱు. అందు ‘ఉండు’ ధాతువు తన సొంతయర్థమును విడువలేదు. పని ముగిసి, దానివలనఁ గలిగిన స్థితి నిలిచియుండుటను అది తెలుపును. ‘తలుపు మూసియుండెను’, ‘అతిథి వచ్చియుండెను’ అనునవి నిర్దుష్టములు. మూఁత నిలిచియున్నది, అతిథి యింట నున్నాఁడు. ‘బండి వెళ్లిపోయియుండెను’ అనుచో మాత్రము చెవికిఁ గొఱుకుడుపడదు. వెళ్లిపోయిన బండి యచ్చట లేదు. లేనిదానికి ‘ఉండెను’ అని స్థితి చెప్పుట యెట్లు? ఇదియే పరీక్ష: క్రియవలనఁ గలిగిన స్థితి కనులయెదుట నిలిచియుండెనేని ‘ఉండెను’ తగును, లేనిచో సామాన్యభూతమే తగును. ‘ఉండు’ ధాతువునకు రూపము మాఱినచో నర్థమును మాఱును. ‘వచ్చియుండును’ అనఁగా వచ్చుట నిశ్చయము కాదు, ఊహ. ఒకే యక్షరభేదమున నిశ్చయము సందేహమగుచుండఁగా, ఈ రూపమును యంత్రమువలె వాడుట ప్రమాదము.

పరోక్తియందును దెలుఁగుత్రోవ వేఱు. ‘రామాయణము చదివితినని చెప్పెను’ అనుచో మూలవక్త మాట ‘అని’ శబ్దముచే యథాతథముగా నిలుచును. సంస్కృతమున ‘ఇతి’ శబ్దమును నట్లే. ఆంగ్లమున వెనుకకుఁ బోవు మెట్టు మనకు లేదు. క్రియాతిపత్తియం దొక్కచో మాత్రము ‘ఉండు’ రూపము ‘హాడ్’కు నిజమైన సాటి. దీనికి సంస్కృతవైయాకరణు లిచ్చు నుదాహరణము మంచి వానకును సుభిక్షమునకును సంబంధించినది. 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైనపిదప గోదావరీమండలపు రైతు అదే వాక్యమును ‘కాలువ సకాలమున వచ్చియుండినచో పంట పండియుండును’ అని చెప్పుకొనఁగలఁడు. వాన కాలువయైనది, లృఙర్థము మాత్రము మాఱలేదు.

రెండు వ్యాకరణములు కలిసినచోట

తెలుఁగునకు ఆంగ్లేయులు వ్రాసిన వ్యాకరణములు 1814లోఁ గేరీది, 1816లోఁ గాంబెల్‌ది, 1840లో బ్రౌనుది, 1873లో ఆర్డెనుది వరుసగా వచ్చినవి. అవి ప్రధానముగాఁ దెలుఁగు నేర్చు నాంగ్లేయులకై వ్రాయఁబడినవి. పరభాషీయుఁడు తన భాషలోని ప్రతిరూపమునకును ఇచ్చటఁ బ్రతిబింబము వెదకుట సహజము. అది యాతనికి నిచ్చెన. అదే నిచ్చెనను దెలుఁగుబాలుఁడు తన యింటిలోనికిఁ దెచ్చికొని, ఇల్లే యట్లు కట్టఁబడినదని తలఁచుట మాత్రము దోషము. లాటినునుండి యాంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుఁగునకుఁ బేరు రెండుమాఱులు వలస వచ్చినది. మొదటి వలసను వాలిస్ పండితుఁడు 1653లోనే శంకించెను. రెండవదానిని శంకింపవలసినభారము దేశభాషాపండితులది.

1911 మొదలు 1914 వఱకు గ్రాంథికవ్యావహారికవాదము చెలరేఁగినప్పుడు, యేట్సుదొరయు, గిడుగు రామమూర్తి పంతులుగారును, గురుజాడ అప్పారావుగారును ఒకవైపునను, జయంతి రామయ్య పంతులుగారును బరిషత్తును వేఱొకవైపునను నిలిచిరి. ‘వచ్చెను’ అనవలెనా, ‘వచ్చినాఁడు’ అనవలెనా, ‘వచ్చాడు’ అనవలెనా యనునట్టి క్రియారూపవిచారము ఆ వాదమునఁ బ్రధానాంశము. రూపమునందు వారికిఁ గల భేదము గొప్పది. కాని యీ మూఁటిలో నేది గ్రహించినను, ‘అప్పటికే’ అను నొక్క మాటతోఁ బూర్వభూతార్థము వచ్చుచునే యున్నది. గ్రాంథికమునకుఁ గాని వ్యావహారికమునకుఁ గాని ‘ఉండెను’ను బలవంతముగాఁ దగిలించుట యావశ్యకము కాదు. ఉభయపక్షములవారును బరస్పరము వాదింప నక్కఱలేని యొక చోటు ఇది.

ఇది పాఠశాలతో ముగియు విషయము కాదు. తెలుఁగు సాక్ష్యమును ఆంగ్లమున లిఖించు న్యాయస్థానమును దలఁపుఁడు. సాక్షి ‘నేను పోవునప్పటికి తలుపు తెఱచియున్నది’ అనెననుకొందము. అతఁడు చూచినది స్థితి మాత్రమే. తెఱచినవాఁ డెవఁడో, ఎప్పుడో, గాలికే తెఱచుకొన్నదో యాతఁ డెఱుఁగఁడు. లేఖకుఁడు దానిని ‘హాడ్’ రూపమునఁ ‘దెఱవఁబడినది’ అని మాఱ్చెనేని, స్థితికి బదులుగా నొక పూర్వక్రియ పత్రమున నెక్కును. క్రియ కలదనఁగానే కర్త యెవఁడను ప్రశ్న పుట్టును. సాక్షి చెప్పని కర్తను భాషాంతరీకరణము సృజించినదగును. విపరీతముగా, ‘తెఱచియుండును’ అను నూహను నిశ్చయముగా మాఱ్చినను అంతియే కీడు. ఆంగ్లము పూర్వమునందలి క్రియను జెప్పుచున్నది. తెలుఁగు నిలిచిన స్థితిని జెప్పుచున్నది. ఈ భేదము తెలియని భాషాంతరమున నిర్దోషికి హాని కలుగవచ్చును.

కావున బోధకులకుఁ దగిన క్రమ మిది. ఆంగ్లవాక్యమున ‘హాడ్’ కనఁబడఁగానే బాలుని ‘దీనికంటె వెనుక జరిగిన రెండవ పని యేది?’ అని యడుగవలెను. ఆ పని వాక్యమునఁగాని, ముందటి వాక్యములయందుఁ గాని కనఁబడినచో నది పూర్వభూతము. కనఁబడనిచో, పరోక్తియో, క్రియాతిపత్తియో, నెఱవేఱని యాశయో విచారింపవలెను. ఏదియుఁ గానిచో ‘హాడ్’యే తప్పు. తెలుఁగు చేయునప్పుడు ‘అప్పటికి ఆ స్థితి నిలిచియుండెనా?’ అని యడుగవలెను. నిలిచియుండెనేని ‘ఉండెను’, లేదేని ‘అప్పటికే’ యను మాటయు సామాన్యభూతమును జాలును. ఈ రెండు ప్రశ్నలను నేర్చిన బాలునకు ‘పూర్ణభూతము’ అను పేరుతోఁ బని లేదు. రూపమునకు రూపమును బదులిచ్చుట లేఖకుని పని. అర్థమున కర్థమును బదులిచ్చుట పండితుని పని.